మాల్టా నుంచి తిరిగొచ్చిన షేఖుల్ హింద్: ఆయుధాల బాట నుంచి జనం బాటకు

1920 జూన్ 8. బొంబాయి రేవులో దిగిన ప్రయాణికుల్లో దాదాపు డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒకరున్నారు. మనిషి బాగా చిక్కిపోయారు. మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవిలో మూడేళ్లకు పైగా బ్రిటిష్ వాళ్ల ఖైదీగా ఉండి వస్తున్నారు. ఆయనే దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ ప్రధానాచార్యులు మౌలానా మహ్మూద్ హసన్. చరిత్రలో షేఖుల్ హింద్‌గా నిలిచిపోయిన పేరు.

1915లో ఆయన దేశం విడిచి వెళ్లినప్పుడు మనసులో ఉన్న పథకం వేరు. సరిహద్దు తెగలు, కాబూల్ అమీర్, తుర్కీ సుల్తాన్ ఒక్కటై బయటి నుంచి దెబ్బ కొట్టాలి, లోపల జనం తిరగబడాలి, ఆంగ్లేయుడు పారిపోవాలి. తిరిగొచ్చిన ఐదు నెలల్లోనే ఆయన ఉలమాలకు చూపించిన దారి వేరు. ఆయుధం లేదు, రహస్యం లేదు. హిందువులతో, సిక్కులతో కలిసి ప్రభుత్వానికి సహకారం మానేయడమే ఆ దారి.

లక్ష్యం మారలేదు. పద్ధతి మారింది, తోడు నడిచేవాళ్లు మారారు. ఈ మార్పు ఎట్లా వచ్చిందో ఆయన జీవితమే చెబుతుంది.

దానిమ్మ చెట్టు కింద మొదటి విద్యార్థి

మహ్మూద్ హసన్ 1851లో బరేలీలో పుట్టారు. తండ్రి మౌలానా జుల్ఫిఖార్ అలీ అక్కడ ప్రభుత్వ విద్యాశాఖలో ఉద్యోగి, అరబ్బీ సాహిత్యంలో మంచి పండితుడు. సొంతూరు దేవ్‌బంద్.

మహ్మూద్ ఆరేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు 1857 తిరుగుబాటు వచ్చింది. దేవ్‌బంద్ పెద్దల కథనాల ప్రకారం, షామ్లీ దగ్గర హాజీ ఇమ్దాదుల్లా నాయకత్వంలో మౌలానా ఖాసిం నానోతవీ, మౌలానా రషీద్ అహ్మద్ గంగోహీ ఆంగ్లేయులతో పోరాడారు. హాఫిజ్ జామిన్ అక్కడే షహీద్ అయ్యారు. తిరుగుబాటు అణగిపోయాక హాజీ ఇమ్దాదుల్లా మక్కాకు వలస వెళ్లిపోయారు.

మిగిలినవాళ్లు మరో దారి ఎంచుకున్నారు. 1866 మేలో దేవ్‌బంద్‌లోని ఛత్తా మస్జిద్ ఆవరణలో, దానిమ్మ చెట్టు నీడలో ఒక మదరసా మొదలైంది. మొదటి ఉస్తాద్ పేరు ముల్లా మహ్మూద్. మొదటి విద్యార్థి పేరూ మహ్మూదే. ఆ పదిహేనేళ్ల కుర్రాడే తర్వాతి షేఖుల్ హింద్. ప్రభుత్వం దగ్గర పైసా తీసుకోకుండా జనం చందాలతో మదరసా నడపాలని పెద్దలు నియమం పెట్టుకున్నారు. అంటే కత్తి చేజారిపోయిన చోట చదువును పట్టుకున్నారన్నమాట. ఆ తరంలో వచ్చిన మొదటి మార్పు అది.

చదువు ముగిశాక మహ్మూద్ హసన్ అక్కడే ఉస్తాద్ అయ్యారు. 1890లో సదర్ ముదర్రిస్, అంటే ప్రధానాచార్యులయ్యారు. హదీసు పాఠానికి ఆయనకు పెట్టింది పేరు. అష్రఫ్ అలీ థానవీ, అన్వర్ షా కశ్మీరీ, హుసైన్ అహ్మద్ మదనీ, ఉబైదుల్లా సింధీ, షబ్బీర్ అహ్మద్ ఉస్మానీ, ముఫ్తీ కిఫాయతుల్లా వంటి వాళ్లంతా ఆయన శిష్యులే.

పాఠాల వెనక పథకం

పైకి చూస్తే ఆయన పాఠం చెప్పుకునే మౌల్వీ సాహెబ్. లోపల మాత్రం షామ్లీ పరాజయం ఆయనను వదల్లేదు. 1909లో జమియతుల్ అన్సార్ అనే పూర్వ విద్యార్థుల సంఘం ఏర్పడింది. దాని బాధ్యత శిష్యుడు ఉబైదుల్లా సింధీకి అప్పగించారు. దేవ్‌బంద్‌లో చదివి సరిహద్దు ప్రాంతాలకు, అఫ్గానిస్తాన్‌కు తిరిగెళ్లిన విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఆ గురుశిష్య బంధాలే రహస్య ఉద్యమానికి దారాలయ్యాయి.

1912లో బాల్కన్ యుద్ధం వచ్చింది. తుర్కీకి సాయంగా దేశమంతటా ముస్లింలు చందాలు వసూలు చేశారు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధంలో తుర్కీ జర్మనీ పక్షాన దిగింది. బ్రిటన్‌ను దెబ్బ తీయడానికి ఇదే అదను అని మహ్మూద్ హసన్ భావించారు. ఆయన ప్రోత్సాహంతో హాజీ తురంగ్‌జయీ సరిహద్దు తెగల ప్రాంతానికి వెళ్లి పోరాటం మొదలుపెట్టారు. కానీ తెగల దగ్గర ధైర్యం ఉందిగానీ తూటాలు లేవు, తిండిగింజలు లేవు. ఏదో ఒక రాజ్యం అండ లేకుండా పోరాటం నిలవదని తేలిపోయింది.

అందుకే 1915లో ఇద్దరూ రెండు దిక్కులకు బయలుదేరారు. సింధీని కాబూల్ పంపించారు. తాను హజ్ పేరుతో హిజాజ్ వెళ్లారు. అక్కడ తుర్కీ గవర్నర్ గాలిబ్ పాషాను కలిసి, పోరాటానికి మద్దతుగా ఒక ప్రకటన రాయించుకున్నారు. మదీనాలో తుర్కీ యుద్ధమంత్రి అన్వర్ పాషాతోనూ, జమాల్ పాషాతోనూ మాట్లాడారు.

పట్టుగుడ్డ మీద ఉత్తరాలు

కాబూల్‌లో మరో కథ నడిచింది. 1915 డిసెంబర్ 1న అక్కడ భారత తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది. అధ్యక్షుడు రాజా మహేంద్ర ప్రతాప్, ప్రధానమంత్రి మౌలానా బర్కతుల్లా, హోంమంత్రి ఉబైదుల్లా సింధీ. దేవ్‌బంద్ మౌలానా ఒక హిందూ అధ్యక్షుడి కింద మంత్రిగా పనిచేశారు. అయిదేళ్ల తర్వాత గురువు బహిరంగంగా ప్రకటించిన ఐక్యతకు తొలి అడుగు అక్కడే పడిందనుకోవచ్చు.

1916 జూలైలో సింధీ పసుపు పట్టుగుడ్డ మీద ఉత్తరాలు రాసి గురువుకు పంపించారు. కాబూల్‌లో జరిగిన పని, జునూదె రబ్బానియా అనే సైన్యం ప్రణాళిక, దానికి మదీనా కేంద్రంగా, మహ్మూద్ హసన్ సేనాపతిగా ఉండాలన్న ఏర్పాటు అన్నీ అందులో ఉన్నాయి. సింధ్‌లోని హైదరాబాద్‌కు (మన దక్కన్ హైదరాబాద్ కాదు) చేరి, అక్కడి నుంచి మదీనాకు వెళ్లాల్సిన ఆ ఉత్తరాలు దారి తప్పాయి. మోసుకొచ్చిన వ్యక్తి వాటిని ముల్తాన్‌లో ఒక ఖాన్ బహదూర్ చేతిలో పెట్టారు. ఆయన తీసుకెళ్లి ప్రభుత్వానికి ఇచ్చేశారు. ఆ వెంటనే అరెస్టులు మొదలయ్యాయి. బ్రిటిష్ ఫైళ్లలో ఇది పట్టు ఉత్తరాల కుట్రగా నమోదైంది.

ఈలోగా నమ్ముకున్న రాజ్యాలు కూడా జారిపోయాయి. కాబూల్ అమీర్ హబీబుల్లా బ్రిటిష్ వాళ్లతో స్నేహం వదులుకోలేదు, యుద్ధంలోకి దిగలేదు. 1916 జూన్‌లో మక్కా షరీఫ్ హుసైన్ బ్రిటన్ అండతో తుర్కుల మీద తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును సమర్థిస్తూ, తుర్కులను తప్పుబడుతూ తయారైన ఫత్వా మీద సంతకం పెట్టమని మహ్మూద్ హసన్‌ను అడిగారు. ఆయన పెట్టలేదు. ఏడాది చివర్లో షరీఫ్ మనుషులే ఆయనను పట్టుకుని బ్రిటిష్ వాళ్లకు అప్పగించారు.

ఒక మౌలానాను మక్కాలో ఒక ముస్లిం పాలకుడే పట్టించాడు. మతం ఒక్కటైతే చాలు, రాజ్యాలు అవే కలిసొస్తాయన్న లెక్క అక్కడే తప్పింది. రాజ్యానికి ముందు తన సింహాసనం ముఖ్యం.

మాల్టా రోజులు

కైరోలో విచారణ జరిగింది. ఉరి తప్పదేమో అన్న భయం తోటివాళ్లను వెంటాడింది. చివరికి 1917 ఫిబ్రవరిలో మాల్టాకు పంపించారు. వెంట హుసైన్ అహ్మద్ మదనీ, ఉజైర్ గుల్, హకీం నుస్రత్ హుసైన్, వహీద్ అహ్మద్ ఉన్నారు. జర్మన్లు, ఆస్ట్రియన్లు, తుర్కులు నిండిన శిబిరం అది. సముద్రపు చలిగాలికి ఆయన ఆరోగ్యం దెబ్బతింది. హకీం నుస్రత్ హుసైన్ అక్కడే కన్నుమూశారు. మదనీ ఖుర్ఆన్ మొత్తం అక్కడే కంఠస్థం చేశారు. మహ్మూద్ హసన్ తన ఉర్దూ ఖుర్ఆన్ అనువాదం పని కొనసాగించారు.

ముస్లింలు దెబ్బ తిన్నది ఎక్కడ అన్న ఆలోచన కూడా ఆయనకు అక్కడే గట్టిపడింది. తిరిగొచ్చాక దేవ్‌బంద్‌లో ఉలమాల ముందు రెండు కారణాలు చెప్పారు. ఒకటి, ఖుర్ఆన్‌ను వదిలేయడం. రెండు, తమలో తాము కొట్లాడుకోవడం. ఊరూరా చిన్న మక్తబ్‌లు పెట్టాలి, తగవులు ఆపాలి అని కోరారు.

ఆయన ఖైదులో ఉండగా దేశం కూడా మారింది. 1918లో రౌలట్ కమిటీ ఇచ్చిన నివేదికలో ప్రస్తావించిన కుట్రల్లో పట్టు ఉత్తరాలూ ఉన్నాయి. ఆ నివేదిక ఆధారంగానే 1919లో రౌలట్ చట్టం తెచ్చారు. దాని మీద దేశం భగ్గుమంది. ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో హిందువులు, ముస్లింలు, సిక్కుల రక్తం కలిసి పారింది. కొద్దిమంది రహస్యంగా నడిపిన పథకం అమీర్ల గడప దాటలేకపోయింది. అదే సమయంలో సామాన్య జనం వీధుల్లోకి వచ్చేశారు. అదే ఏడాది నవంబర్‌లో జమీయతె ఉలమాయె హింద్ పుట్టింది.

ఆఖరి ఆరు నెలలు

బొంబాయిలో దిగిన మహ్మూద్ హసన్‌కు ఖిలాఫత్ నాయకులు ఘనంగా స్వాగతం పలికారు. గాంధీజీ కూడా వచ్చి కలిశారు. పెద్ద వయసు, పాడైన ఆరోగ్యం, ఇక రాజకీయాలు వద్దని నచ్చజెప్పినవాళ్లూ ఉన్నారు. ఆయన వినలేదు. ఖిలాఫత్ కమిటీ ఇచ్చిన షేఖుల్ హింద్ బిరుదు పేరులో భాగమైపోయింది.

సహాయ నిరాకరణకు అనుకూలంగా ఆయన ఫత్వా ఇచ్చారు. ప్రభుత్వ బిరుదులు వదిలేయాలి, కౌన్సిళ్లకు దూరంగా ఉండాలి, స్వదేశీ సరుకే వాడాలి, సర్కారు సాయంతో నడిచే విద్యాసంస్థలను విడిచిపెట్టాలి. శాంతికి భంగం కలిగించే పని ఏదీ చేయకూడదన్న షరతు కూడా ఉంది.

1920 అక్టోబర్ 29న అలీగఢ్‌లో జామియా మిల్లియా ఇస్లామియా ప్రారంభ సభ జరిగింది. మంచం మీద ఉండాల్సిన మనిషి అక్కడికి వెళ్లారు. ప్రసంగం చదివే ఓపిక లేక, శిష్యుడు షబ్బీర్ అహ్మద్ ఉస్మానీ చేత చదివించారు. దేవ్‌బంద్‌కూ అలీగఢ్‌కూ అప్పటిదాకా పెద్దగా పొసగలేదు. తన బాధను పంచుకునేవాళ్లు మదరసాల్లో కంటే కాలేజీల్లోనే ఎక్కువ కనిపిస్తున్నారని, అందుకే అలీగఢ్ వైపు అడుగు వేశానని ఆయన దాపరికం లేకుండా ఒప్పుకున్నారు.

నవంబర్‌లో ఢిల్లీలో జరిగిన జమీయత్ మహాసభకు ఆయనే అధ్యక్షులు. హిందువులు, ముస్లింలు, సిక్కులు కలిసి ఉంటే నాలుగో శక్తి ఏదీ నిలబడలేదని అక్కడ తేల్చి చెప్పారు. కానీ హద్దు కూడా గీశారు. ఐక్యత పేరుతో ఎవరి ధర్మంలోనూ మార్పులు చేయకూడదు, రోజువారీ వ్యవహారాల్లో ఒకరికొకరు అన్యాయం చేయకూడదు. వేదికల మీద చేతులు కలిపి కోర్టుల్లో, ఆఫీసుల్లో గోతులు తవ్వుకుంటే ఆ ఐక్యత నిలవదన్నది ఆయన హెచ్చరిక.

ఆ సభ తర్వాత పది రోజులు కూడా బతకలేదు. 1920 నవంబర్ 30న ఢిల్లీలో డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ ఇంట్లో కన్నుమూశారు. దేవ్‌బంద్‌లో గురువు నానోతవీ పక్కనే ఖననం చేశారు.

శిష్యుల దారులు

ఆయన ఒక ప్రశ్నకు జవాబు చెప్పకుండానే వెళ్లిపోయారు. హిందువులతో కలిసి నడవడం ఆంగ్లేయుడిని పంపించేదాకానా, ఎప్పటికీనా? 1924లో తుర్కీలో ఖిలాఫత్ రద్దయ్యాక ఆ ప్రశ్న ఇంకా పెద్దదైంది.

శిష్యులు తలో జవాబు ఇచ్చారు. మాల్టాలో పక్కనే ఉన్న మదనీ, మతాలు వేరైనా ఒకే దేశంవాళ్లు ఒకే ఖౌమ్ అవుతారని వాదిస్తూ 1938లో పుస్తకం రాశారు. దేశ విభజనను వ్యతిరేకించారు. సింధీ కాబూల్ నుంచి మాస్కో, ఇస్తాంబుల్ మీదుగా మక్కా చేరి, 1939లో దేశానికి తిరిగొచ్చి, వివిధ జాతులు సమాఖ్యగా ఉండే భారతం కావాలన్నారు. అలీగఢ్‌లో గురువు ప్రసంగం చదివిన ఉస్మానీ మాత్రం 1945లో జమీయతె ఉలమాయె ఇస్లాం నాయకుడై పాకిస్తాన్ పక్షాన నిలబడ్డారు. గురువు అనువాదానికి వ్యాఖ్య పూర్తి చేసింది కూడా ఆయనే. ఒకే ఉస్తాద్ ముందు మోకాళ్ల మీద కూర్చుని చదివినవాళ్లు రెండు దేశాలకు చెందినవాళ్లయ్యారు.

భారత ప్రభుత్వం 2013లో పట్టు ఉత్తరాల ఉద్యమం పేరుతో తపాలా బిళ్ల విడుదల చేసింది. ఒకప్పుడు కుట్రగా రాసుకున్నదే స్వాతంత్య్ర పోరాటంలో చోటు సంపాదించింది.

షేఖుల్ హింద్ తన పాత దారి పనిచేయలేదని గుర్తించడానికి సిగ్గుపడలేదు. డెబ్బై ఏళ్ల వయసులో, సొంత విద్యార్థుల ముందు, కొత్త దారి పట్టారు. ఎందరో ఉలమాలు ఆయన వెనక ధైర్యంగా నడవడానికి ఆ నిజాయితీయే కారణం.