శంకరగుప్తం కుర్రాడు, విలాయతు బృందగానం: బాలమురళి పాట నడిచిన దారి

రాజోలు తాలూకాలో, సముద్రానికి దగ్గర్లో, కొబ్బరితోటల మధ్య శంకరగుప్తం అనే ఊరుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ అక్కడే 1930 జూలై 6న పుట్టారు. తండ్రి పట్టాభిరామయ్య పిల్లనగ్రోవి వాయించేవారు, తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు. బిడ్డ పుట్టిన కొద్దిరోజులకే తల్లి కన్నుమూసింది. తండ్రే అమ్మా నాన్నా అయి పెంచారు. ఇంట్లో పాట ఉంది, జోలపాడే తల్లి లేదు. ఆ లోటుతోనే ఆ బాల్యం మొదలైంది.

పిల్లవాడి చెవి మామూలుది కాదని తండ్రి త్వరగానే పసిగట్టారు. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర చేర్పించారు. ఆ గురువుగారిది నేరుగా త్యాగరాజస్వామి శిష్యపరంపర. ఎనిమిదేళ్ల వయసులో, త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో ఆ పిల్లవాడు పూర్తి కచేరీ చేశాడు. అది విన్న హరికథా విద్వాంసుడు ముసునూరి సత్యనారాయణగారు మురళీకృష్ణ అనే పేరుకు ముందు బాల అని చేర్చారు. ఆ పేరే నిలిచిపోయింది. పదిహేనేళ్లు వచ్చేసరికి డెబ్బై రెండు మేళకర్త రాగాలూ పట్టుబడ్డాయి. వాటన్నిటిలోనూ సొంతంగా కీర్తనలు రాశారు. పాట ఒక్కటే కాదు, వయోలా, మృదంగం, కంజీరా కూడా వాయించేవారు.

ఇంతవరకూ ఇది ఒక పెద్ద విద్వాంసుడి కథ. మన ఇళ్లకు ఆయన దగ్గరయింది మాత్రం రేడియో వల్ల.

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరులో మొదలైంది. అక్కడ పొద్దున్నే వచ్చే భక్తిరంజని కార్యక్రమాన్ని తీర్చిదిద్దినవాళ్లలో బాలమురళి ఒకరు. రామదాసు కీర్తనలు, సదాశివ బ్రహ్మేంద్రుల పాటలు, ఊళ్లలో బైరాగులు పాడుకునే తత్వాలు ఆయన గొంతులో ఇంటింటికీ చేరాయి. అవి సభల్లో పెద్దగా వినిపించే పాటలు కావు. తత్వమంటే వీధిలో ఏక్‌తారా పట్టుకుని పాడేది. పండితులు దాన్ని చిన్నచూపు చూసిన రోజులూ ఉన్నాయి. బాలమురళి వాటికి రాగం కట్టి పాడినా మాట తేలిగ్గానే వినిపించేది. రాగం తెలియని వాళ్లకీ అర్థం తెలిసేది.

ఈ తత్వాల దారిలో మనవాళ్ల అడుగులూ ఉన్నాయి. పోతులూరి వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య దూదేకుల కుటుంబంలో పుట్టినవాడు. ఆయన పేరు మీద తత్వాలు ఇప్పటికీ పాడుతున్నారు. గురువు ముందు శిష్యుడు తన అహాన్ని దించుకోవడం, శరీరాన్ని మట్టికుండతో పోల్చడం, దేవుణ్ణి బయట కాక లోపల వెతకడం తత్వాల్లో ఎంత ఉన్నాయో సూఫీ కలాంలోనూ అంతే ఉన్నాయి. రామదాసు సంగతి తీసుకున్నా అంతే. భద్రాచలం తహసీల్దారు కంచెర్ల గోపన్న, గోల్కొండ పాదుషా అబుల్ హసన్ తానీషా ఖైదులో కూర్చుని పాడుకున్నవే ఆ కీర్తనలు. గోపన్నకు కబీరుదాసు ఉపదేశమిచ్చాడని హరికథల్లో చెప్తారు. అది చరిత్రా కథా అన్నది పక్కన పెడితే, జనం ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టుకున్నారన్నది నిజం.

పవిత్రమైన మాటను పాటలో పెట్టవచ్చా, పెడితే ఎంతవరకు అన్న చర్చ మనలో పాతదే. చిష్తీ బుజుర్గులు సమా మహఫిల్‌ను ఆదరించారు, వద్దన్న ఉలమాలూ ఉన్నారు. కర్ణాటక సంగీతంలో పెద్దల ముందు బాలమురళి ఎదుర్కొన్న ప్రశ్నకూ దీనికీ పోలిక ఉంది. ఆయన మహతి, లవంగి లాంటి రాగాలను నాలుగు స్వరాలతోనే కట్టారు. రాగానికి కనీసం ఐదు స్వరాలు ఉండాలన్నది చాలామంది నమ్మకం. వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ లాంటి వారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. వివాదం పత్రికలకెక్కింది. బాలమురళి వెనక్కి తగ్గలేదు, ఆ రాగాలు పాడుతూనే పోయారు.

మొండితనం ఆయనకు మరోచోటా కనిపించింది. 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రాష్ట్రంలోని అకాడమీలను రద్దు చేసింది. దానికి నిరసనగా ఆంధ్రప్రదేశ్‌లో కచేరీ చేయనని ఆయన పట్టుబట్టారు. సొంత గడ్డ మీద పాడకపోవడం గాయకుడికి చిన్న శిక్ష కాదు. నష్టపోయింది ఆయనా, వినేవాళ్లూ కూడా. తర్వాత మళ్లీ ఇక్కడ పాడారు.

హద్దులు దాటడానికి మాత్రం ఆయన ఎప్పుడూ వెనుకాడలేదు. భీమ్‌సేన్ జోషి, హరిప్రసాద్ చౌరాసియా, కిశోరీ అమోన్‌కర్‌లతో జుగల్‌బందీలు చేశారు. 1988లో దూరదర్శన్‌లో వచ్చిన మిలే సుర్ మేరా తుమ్హారాలో తమిళ చరణం పాడింది మన కోనసీమ మనిషే. బెంగాలీలో ఠాగూరు పాటలూ పాడారు.

వీటన్నిటి కొసన గీతాంజలి సూట్ నిలుస్తుంది. గోవా మూలాలున్న బ్రిటన్ సంగీతకర్త డాక్టర్ జోయెల్ ఠాగూరు కవితలకు సంగీతం కట్టారు. బ్రిటన్ బృందగాయకులు పాడుతుంటే ప్రధాన గాత్రం బాలమురళిది. ఠాగూరు కవిత్వం వెనుక బెంగాలు బావుల్ ఫకీర్ల పాటలున్నాయి. తండ్రి దేవేంద్రనాథ్ హాఫిజ్ కవిత్వాన్ని ప్రేమగా చదివేవారు. కబీరు పాటలను ఠాగూరు 1915లో ఇంగ్లీషులోకి తెచ్చారు. అంటే ఆ కవిత్వం ముందే పలు దారుల కూడలి. దానికి ఇంకో దారి కలిసింది.

ఇలాంటి కలయిక అనుకున్నంత తేలిక కాదు. మన సంగీతంలో తంబురా శ్రుతి మీద ఒకే గొంతు నడుస్తుంది, స్వరం ఊగుతుంది, జారుతుంది. పాశ్చాత్య బృందగానంలో నాలుగు రకాల గొంతులు ఒకేసారి వేర్వేరు స్వరాలను నిలబెడతాయి. అవి కదలకుండా నిలబడితేనే అందం. గమకం ఎక్కువైతే ఆ నిలకడ చెదురుతుంది, గమకం తీసేస్తే రాగం రాగంలా ఉండదు. పైగా సంగీతం హోరెత్తితే కవి చెప్పిన మాట మునిగిపోతుంది. బాలమురళికి ఉన్న బలం ఉచ్చారణ. మూడు స్థాయిల్లో అవలీలగా తిరిగే ఆ గొంతు ఏ భాషలో పాడినా ప్రతి అక్షరం విడిగా వినిపించేది. భక్తిరంజనిలో తత్వాలు పాడి అలవాటైన నోరది.

బిరుదులకు లోటు లేదు. 1971లో పద్మశ్రీ, 1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రాన్స్ ప్రభుత్వ షెవాలియే పురస్కారం వచ్చాయి. 2016 నవంబరు 22న చెన్నైలోని తన ఇంట్లో ఆయన కన్నుమూశారు.

తల్లి జోల వినని పిల్లవాడు కొన్ని తరాల తెలుగువాళ్లను పొద్దున్నే పాటతో నిద్రలేపాడు. ఆ రేడియో చప్పుడు విన్న ఇళ్లలో పూజగది ఉన్నవీ ఉన్నాయి, జానమాజ్ పరిచినవీ ఉన్నాయి. శంకరగుప్తం పేరు చెప్పినప్పుడు మన పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పాలి.