హాన్స్ నీల్సన్ హౌగే

ఐరోపా ఖండమున ఉత్తరపు కొననున్న చలిదేశము నార్వే. అచటి రైతుబిడ్డడొకడు గురుపట్టము పొందకయే మతబోధ చేసి, అందులకై చెరసాల ననుభవించి, తుదకు మరల పొలమునే చేరి కన్ను మూసెను. అతడే హాన్స్ నీల్సన్ హౌగే.

1771 ఏప్రిల్ 3వ తేదీన ఆగ్నేయ నార్వేలోని తూనె ప్రాంతమున, భక్తిగల యొక రైతు కుటుంబమున నతడు జన్మించెను. చదివినది స్వల్పము. 1796 ఏప్రిల్ 5న కీర్తన పాడుకొనుచు పొలము పని చేసికొనుచుండగా, దేవుడు తన్ను పిలిచినట్లు అతనికి గాఢమైన అనుభూతి కలిగెను. ఆ యేడే అతని తొలి గ్రంథము అచ్చయ్యెను. పల్లెలలో పుస్తకము అరుదైన ఆ దినములలో అతని రచనలు లక్షకు పైగా ప్రతులు వ్యాపించినవనిన, మన గ్రంథాలయ మిత్రులకు ఆశ్చర్యము కలుగకపోదు.

ఎనిమిదేండ్లలో నతడు కాలినడకన 9 వేల మైళ్లకు పైగా తిరిగెను. నడచుచునే ఉన్ని చేతితొడుగులు అల్లుచుండెను! సోమరితనము పాపమని అతని నమ్మకము. బెర్గెన్ నగరమున వర్తకము చేసెను. ఐకెర్ వద్ద కాగితపు మిల్లు స్థాపించుటలో అనుచరులకు తోడ్పడెను. ఫిడేలు వాద్యమును, నృత్యమును ఈసడించిన ఆ వర్గమువారి కాఠిన్యము మనకు రుచింపకపోవచ్చును గాని, వారి కష్టపడు గుణమును మెచ్చకుండరాదు.

అయితే సంఘగురువు అనుమతి లేనిదే మతసభలు జరుపరాదని 1741 నాటి రాజశాసనము. నార్వే అప్పుడు డెన్మార్కు రాజు ఏలుబడిలో నుండెను. హౌగేను పలుమార్లు నిర్బంధించి విడిచిరి. 1804లో పట్టుకొన్నప్పుడు మాత్రము విడువలేదు. సాక్షులే ఆరువందల వరకు! విచారణ యేండ్ల తరబడి సాగుచుండ, క్రిస్టియానియా చెరసాలలో, దృఢకాయుడైన ఆ రైతు ఆరోగ్యము సర్వనాశనమయ్యెను.

ఇంతలో ఇంగ్లీషు నౌకలు సముద్రమార్గములను అడ్డగించుటచే ఉప్పునకు కరవు వచ్చెను. ఉప్పు విలువ మనకు వేరుగా చెప్పనక్కరలేదు. సర్కారువారు 1809లో ఖైదీ హౌగేనే తాత్కాలికముగా విడిచి, సముద్రతీరమున ఉప్పు తయారీ పనులు పెట్టించిరి. పని తీరగానే తిరిగి చెరకే పంపిరి! ఎంత కృతజ్ఞత!

1811లో వెలుపలికి వచ్చి, మిత్రులు కొనియిచ్చిన బక్కెహౌగెన్ పొలమున వ్యవసాయము ప్రారంభించెను. 1813లో రెండేండ్ల కఠినశిక్ష విధింపబడగా, మరుసటి యేడు పై న్యాయస్థానము దానిని వెయ్యి రిక్స్‌డాలర్ల జుల్మానాగా మార్చెను.

నలుబది మూడేండ్ల వయస్సున, 1815లో, ఆండ్రియా అను నామెను వివాహమాడెను. ఆ సంవత్సరాంతముననే ఆమె ఆండ్రియాస్ అను కుమారుని కని మరణించెను. 1817లో ఇంగెబోర్గ్ అను నామెను పెండ్లాడి, బ్రెత్‌వేట్ అను పెద్ద పొలము కొని అచట స్థిరపడెను. వారికి ముగ్గురు బిడ్డలు కలిగిరి. ముగ్గురును పసితనముననే పోయిరి. దేశమంతయు నడచిన కాళ్లు ఇక పొలముగట్టు దాటుటకే కష్టపడినవి. దేశముననున్న భక్తులే కాక, బిషప్పులును అతని యింటికి వచ్చి కూర్చుండి మాటలాడి పోవుచుండిరి. 1824 మార్చి 29న, 52 యేండ్ల ప్రాయమున, ఆ యింటనే హౌగే మరణించెను.

1741 నాటి శాసనము 1842లో రద్దయ్యెను. తల్లిలేని బిడ్డగా పెరిగిన ఆండ్రియాస్, తన తండ్రి బోధను సహింపని ఆ సంఘముననే గురుపట్టము పొంది, పార్లమెంటు సభ్యుడుగను పనిచేసి, 1892లో గతించెను.