తొలి తెలుగు టాకీ తల్లి – సురభి కమలాబాయి

తెలుగు వెండితెర తొలిసారి నోరు విప్పిన నాడు దానిపై నిలిచిన నాయిక ప్రేయసి కాదు, తల్లి. 1932లో వెలువడిన 'భక్త ప్రహ్లాద' చిత్రమున హిరణ్యకశిపుని ఇల్లాలు లీలావతిగా నటించిన సురభి కమలాబాయియే ఆ నాయిక. పాఠశాలలో పోతన ప్రహ్లాద చరిత్రమును చదువుకొను విద్యార్థులకు ఆ కథ కొత్త కాదు. ఆ కథను తెరపై పలికిన తొలి నటి పేరు మాత్రము పలువురికి కొత్త.

కమలాబాయి కథ తెలియవలెనన్న ముందు సురభి కథ తెలియవలెను. కడప జిల్లాలోని సురభి గ్రామమున 1885లో వనారస గోవిందరావు ప్రభృతులు 'కీచక వధ' నాటకమును ప్రదర్శించిరి. మహారాష్ట్రమునుండి వలసవచ్చి, తోలుబొమ్మలాటతో బ్రదుకు సాగించిన కుటుంబములు నాటినుండి రంగస్థలమును ఆశ్రయించెను. ఇంటిల్లిపాదియు నటులే. ఆ కాలమున తెలుగు నాటకములందు స్త్రీపాత్రలను పురుషులు ధరించుట పరిపాటి. ఆ విద్యలో స్థానం నరసింహారావు వంటి మహానటులు పుట్టిరి. సురభివారు మాత్రము తమ ఆడుబిడ్డలనే రంగము మీదికి తెచ్చిరి. రంగమెక్కిన స్త్రీని లోకము చిన్నచూపు చూచుచున్న రోజులలో అది సామాన్యమైన సాహసము కాదు. వారికి నాటకము విలాసము కాదు, ఇంటి వృత్తి. రైతు బిడ్డ పొలమునకు పోయినట్లే సురభి బిడ్డ రంగస్థలమునకు పోయెను.

అట్టి ఇంట కృష్ణాజీరావు, వెంకూబాయి దంపతులకు ఇరువదవ శతాబ్దపు తొలి దశకమున కమలాబాయి జన్మించెను. తల్లి నిండు చూలాలై దమయంతి పాత్ర ధరించియుండగా రంగముపైననే నొప్పులు వచ్చెననియు, ప్రేక్షకులు అదియు నాటకములోని భాగమే యని భావించిరనియు చెప్పుకొందురు. ఊయల వయసు దాటగానే ఆ బాలిక బాలకృష్ణుడుగా, లవుడుగా, ప్రహ్లాదుడుగా నటింప నేర్చెను. బాల్యమున తాను ప్రహ్లాదుడై నిలిచిన కథలోనే, యౌవనమున ప్రహ్లాదుని తల్లిగా తెరపై కనిపించుట ఆమె జీవితమునందలి విశేషము.

1931 మార్చిలో అర్దెషిర్ ఇరానీ నిర్మించిన 'ఆలం ఆరా'తో భారతీయ చిత్రమునకు మాట వచ్చెను. పిమ్మట ఆయన సంస్థ తరఫుననే హెచ్. ఎం. రెడ్డి తెలుగు టాకీని తలపెట్టెను. అప్పటికి మదరాసులో టాకీ తీయుటకు తగిన స్టూడియో లేదు. కావున నటులు బొంబాయికి ప్రయాణము కావలసివచ్చెను. రంగస్థలమున పండిన ప్రహ్లాద నాటకమే చిత్రకథ యయ్యెను. హిరణ్యకశిపుడుగా మునిపల్లె సుబ్బయ్య, ప్రహ్లాదుడుగా సింధూరి కృష్ణారావు, లీలావతిగా కమలాబాయి నటించిరి. తరువాత దర్శకుడుగా, నిర్మాతగా ఖ్యాతిగాంచిన ఎల్. వి. ప్రసాద్ అందొక చిన్న వేషము ధరించెను.

ఈ చిత్రమునకు పాటలు రచించినవారు చందాల కేశవదాసు. ఆయన ఖమ్మం సీమయందలి జక్కేపల్లి వాస్తవ్యులు, హరికథకులు, 'కనకతార' నాటకకర్త. నేడు ఖానాపురం హవేలిలోనో కూసుమంచిలోనో చదువుకొను బాలబాలికలు గర్వింపదగిన విషయమిది. తెలుగు టాకీలో తొలి పాటల కవి వారి చెంతనున్న పల్లెవాడు; వాటిని పాడిన తొలి నాయిక కడప సీమలో పుట్టిన నాటక సమాజపు బిడ్డ.

ఆనాడు నేపథ్యగానము లేదు. నటియే పాడవలెను, పాడుచునే నటింపవలెను. ధ్వనిగ్రాహక యంత్రము అందుకొను మేరలోనే కదలవలెను. తప్పు దొర్లినచో దృశ్యమంతయు మరల తీయవలెను. వేలమంది ముందు గొంతెత్తి పాడుట అలవడిన కమలాబాయి, పాతికేండ్లైన నిండకమునుపే ఈ కొత్త నియమములకు తన కంఠమును ఒదిగించుకొనెను. భర్త ఆగ్రహమునకును బిడ్డ భక్తికిని నడుమ నలిగిపోవు తల్లి వేదనను ఆమె ఆ ఇరుకునందే పలికింపవలసివచ్చెను.

ఆ ఏడే సాగర్ సంస్థ నిర్మింపగా సర్వోత్తమ్ బదామీ దర్శకత్వము వహించిన 'పాదుకా పట్టాభిషేకం', 'శకుంతల' చిత్రములందు కమలాబాయి నటించెను. శకుంతలగా ఆమెయు, దుష్యంతుడుగా యడవల్లి సూర్యనారాయణయు కనిపించిరి. పిదప బొంబాయిలోనే నిలిచి హిందీ చిత్రములందును పనిచేసెను. ఈలోగా మదరాసులో స్టూడియోలు వెలసెను, కొత్త తారలు ఉదయించిరి, నేపథ్యగానము స్థిరపడెను. గానము, నటనము ఒక్కరియందే కూడియుండవలెనను నియమము సడలెను.

1951లో విజయావారి 'పాతాళ భైరవి' విడుదల యయ్యెను. అందు తోటరాముడుగా ఎన్. టి. రామారావు ప్రేక్షకుల హృదయములను దోచుకొనెను. అతని తల్లిగా నటించినది కమలాబాయియే. కొడుకు సాహసములకు చప్పట్లు చరచిన లక్షలమందిలో, గుడిసెలో అతనికై కలతపడు ఆ ముదుసలి తెలుగు టాకీకి తొలి నాయిక యని ఎరిగినవారెందరు? ప్రహ్లాదుని తల్లి తోటరాముని తల్లి యయ్యెను. రాణివాసము గుడిసె యయ్యెను. నటికి మాత్రము చిన్న పాత్ర, పెద్ద పాత్ర యను భేదము లేకపోయెను.

1971లో కమలాబాయి కన్నుమూసెను. స్త్రీపాత్రలకు ప్రాణము పోసిన స్థానం నరసింహారావును తెలుగువారు కోల్పోయినదియు ఆ యేడే. ఆడవేషములు వేసిన మగవాడును, మగవేషములతో నటన ఆరంభించిన ఆడుబిడ్డయు ఒకే ఏట తెరమరుగైరి. స్థానమువారిని 1956లో పద్మశ్రీ వరించెను. ఆయన కళ అందుకు తగినదే. కాని స్త్రీపాత్రను స్త్రీయే ధరించు బాటను వేసిన సురభి మహిళలకు తెలుగుజాతి చెల్లింపవలసిన ఋణము ఇంకను మిగిలియున్నది.

'భక్త ప్రహ్లాద' 1931లోనే విడుదలైనదని చాలకాలము వ్రాయుచు వచ్చిరి. సెన్సారు ధ్రువపత్రము 1932 జనవరిలో లభించినట్లును, ఫిబ్రవరి 6న బొంబాయిలో చిత్రము విడుదలైనట్లును ఇటీవలి పరిశోధన తేల్చెను. తేదీ దొరికినది గాని చిత్రము దొరకలేదు. దాని ప్రతి నేడు లభ్యము కాదు. లీలావతి కంఠము మనకిక వినరాదు. కాని 'పాతాళ భైరవి' ఉన్నది. దానిని మరల చూచు ఉపాధ్యాయుడు, తోటరాముని తల్లి తెరపైకి వచ్చినప్పుడు ఒక్క నిమిషము ఆపి, ఆమె పేరు పిల్లలకు చెప్పినచో ఆ ఋణములో కొంతయైన తీరును.