మేలవలవు అధ్యక్షుడు మురుగేశన్

పంచాయతీ అధ్యక్షుణ్ణి దించడానికి తమిళనాడు 1994 పంచాయతీల చట్టంలో 205వ సెక్షన్ ఉంది. కలెక్టరు నోటీసు ఇవ్వాలి, సంజాయిషీ తీసుకోవాలి, తహశీల్దారు సభ్యులను సమావేశపరిచి వాళ్ల అభిప్రాయం రాయించుకోవాలి. మదురై జిల్లా మేలూరు దగ్గరి మేలవలవులో మురుగేశన్‌ను తొలగించినవాళ్లకు ఇదేదీ అవసరపడలేదు.

1996లో ఆ అధ్యక్ష పదవి ఎస్సీలకు రిజర్వు అయింది. ఊళ్లో పెత్తనం కళ్లర్ కులస్తులది. నామినేషన్ వేసిన దళితులను బెదిరించి వెనక్కి తీయించారు. అక్టోబరు ఎన్నిక ఆగిపోయింది. డిసెంబరులో మళ్లీ పెడితే బ్యాలెట్ పెట్టెలు ఎత్తుకుపోయారు. చివరికి డిసెంబరు 31న పోలీసు బందోబస్తు మధ్య పోలింగ్ జరిగింది. కళ్లర్లు ఓటుకు రాలేదు. మురుగేశన్ గెలిచారు.

గెలిచారే గానీ, పంచాయతీ ఆఫీసులో కూర్చుని పని చేసుకోనివ్వలేదు. 1997 జూన్ 30న మదురై కలెక్టరాఫీసుకు వెళ్లి బస్సులో తిరిగొస్తుంటే దారికాచి నరికారు. తల వేరుచేసి బావిలో పడేశారు. ఉపాధ్యక్షుడు మూకన్‌తో కలిపి ఆ రోజు ఆరుగురు చనిపోయారు. ఆయన పదవిలో ఉన్నది ఆరు నెలలు. 2001లో సెషన్స్ కోర్టు 17 మందికి యావజ్జీవం వేసింది. వాళ్లలో 13 మందిని 2019 నవంబరులో ప్రభుత్వం ముందుగానే వదిలేసింది.

అదే జిల్లాలోని పాప్పాపట్టి, కీరిపట్టిల సంగతి ఇంత ప్రచారం పొందలేదు. అక్కడ ఏళ్ల తరబడి నామినేషన్లే పడనివ్వలేదు. పడినప్పుడు పెత్తందార్లు తమ చెప్పుచేతల్లో ఉండే దళితుణ్ణి గెలిపించి, ప్రమాణం కాగానే రాజీనామా చేయించారు. కాగితం మీద అది స్వచ్ఛందం. 2006 దాకా ఇదే తంతు.

మన రెండు రాష్ట్రాల్లో అవిశ్వాసం ఉపసర్పంచిపైనే పెట్టొచ్చు, జనం నేరుగా ఎన్నుకున్న సర్పంచిపై కుదరదు. సర్పంచిని సస్పెండ్ చేసే, తొలగించే అధికారం కలెక్టరుది. దళిత సర్పంచికి ఇది రక్షణేనని మేము మొదట్లో అనుకున్నాం. తర్వాత చెక్కుల సంగతి చూశాం. 2018 తెలంగాణ చట్టం సర్పంచికి, ఉపసర్పంచికి కలిపి చెక్ పవర్ ఇచ్చింది. రిజర్వేషన్ సర్పంచి పదవికి. ఉపసర్పంచిని వార్డు సభ్యులు తమలోంచి ఎన్నుకుంటారు, ఆ మనిషి ఏ కులమైనా కావచ్చు. రెండో సంతకం పడకపోతే బిల్లు కదలదు. అలాంటి సర్పంచిని పనిగట్టుకుని దించాల్సిన అవసరం ఎవరికుంటుంది?

మేలవలవులో ఆ ఆరుగురికీ ఒక స్మారకం ఉంది. ఏటా జూన్ 30న అక్కడ జనం చేరతారు.