సీటు కోసం వెళ్లి పంతులయ్యారు

డిసెంబరు వచ్చిందంటే చెన్నై సభలన్నీ త్యాగయ్య తెలుగుతో నిండిపోతాయి. ఆ తెలుగును ఇంట్లో మాట్లాడుకునే మన పిల్లలు మాత్రం ఆ వేదికల మీద అంతగా కనబడరు. కచేరీ సంగీతం మనబోటి వాళ్లకు కాదని, కొన్ని ఇళ్లలో పుట్టినవాళ్లకే అబ్బుతుందని మనమే ముందుగా తీర్మానించేసుకుంటాం. అందుకే ద్వారం వెంకటస్వామి నాయుడు గారి సంగతి మరోసారి చెప్పుకుందాం.

1893 నవంబరు 8న, దీపావళి నాడు, ఆయన బెంగళూరులో పుట్టారు. పెరిగింది విశాఖపట్నంలో. తండ్రి సైన్యంలో పనిచేశారు. పిల్లవాడికి చూపు బాగా మందం. బడి చదువు ముందుకు సాగలేదు. ఇలాంటి పిల్లవాడు మన తరగతిలో ఉంటే ఏమంటామో మనకు తెలియనిది కాదు: బోర్డు చూడడు, రాసుకోడు, మొద్దు. అన్నగారు వెంకటకృష్ణయ్య అలా అనుకోలేదు. తమ్ముడికి వయొలిన్ నేర్పారు. తీగ మీద వేలు ఎక్కడ ఆనాలో చెప్పేది కన్ను కాదు, చెవి. ఆ చెవి తమ్ముడికి పుష్కలంగా ఉంది.

అప్పట్లో సంగీతం రావాలంటే గురువుగారి ఇంట ఏళ్ల తరబడి ఉండి శుశ్రూష చెయ్యాలి. ముందు ఆయన ఒప్పుకోవాలి. కులం అడ్డొచ్చేది, ఆడపిల్లయితే మరీను. 1919లో విజయనగరం మహారాజు విజయరామ గజపతి సంగీతానికి ఏకంగా ఒక బడి పెట్టారు. దాని వెనక ఉన్న కారణం మన టీచర్లందరికీ తెలియాలి. సంస్థానంలోని చాగంటి జోగారావు గారి అబ్బాయికి చూపు లేదు. ఆ పిల్లవాడు సంగీతం నేర్చుకోవడానికి వీలుగా మొదలైన బడి అది. ఒక్క పిల్లవాడి కోసం తీసిన తలుపు ఎందరికో పనికొచ్చింది.

ఆ బడికి మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. పాతికేళ్లు దాటిన నాయుడు గారు అక్కడ విద్యార్థిగా చేరాలని వెళ్లారు. దాసు గారు ఆయన వాయిద్యం విని, నేర్చుకునేవాళ్లలో కాదు, నేర్పేవాళ్లలో కూర్చోబెట్టారు. వయొలిన్ ఆచార్యుడిగా ఉద్యోగం! సర్టిఫికెట్లు అడిగి ఉంటే కథ అక్కడితో ముగిసేది.

1936లో దాసు గారి తర్వాత ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల ఆ బడిలోనే చదివారు. చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరేసరికి వేసవి సెలవులట. అయినా ఆవరణలో ఉండనిచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. పి.సుశీల కూడా అక్కడి విద్యార్థినే. ఈ ఇద్దరూ తర్వాత మద్రాసు వచ్చి ఏ స్థాయికి చేరారో మన ఇళ్లలో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక మద్రాసు ముచ్చట. కర్ణాటక కచేరీలో వయొలిన్‌ది పక్కవాద్యం స్థానం, గాయకుడి వెంట నడవాలి. నాయుడు గారు దాన్ని మధ్యలో కూర్చోబెట్టి, వయొలిన్ ఒక్కదానితోనే నిండు కచేరీలు చేశారు. పాశ్చాత్యుల కమాను పద్ధతిని శ్రద్ధగా గమనించి, నిడుపాటి కమానుతో మన రాగానికి పాడినంత నిండుతనం తెచ్చారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1941లో ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1952లో ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ ఇక్కడే, ప్రధాన న్యాయమూర్తి రాజమన్నార్ గారింట్లో ఆయన వాయిద్యం విని ముగ్ధుడయ్యారు. పద్మశ్రీ 1957లో వచ్చింది. బిరుదుల కన్నా మనకు ఆ ఉద్యోగం కథే ముఖ్యమనిపిస్తుంది.

మన బళ్లలో సంగీతం పీరియడు ఉన్నచోట కూడా వార్షికోత్సవానికి ప్రార్థన గీతం నేర్పడంతో సరిపెడుతున్నాం. అదీ గొంతు బాగున్న నలుగురికే. వెనక బెంచీలో బల్ల మీద దరువు వేసేవాణ్ణి బయట నిలబెడతాం. వాడికి తాళం వచ్చేమో చూడటానికి వాయిద్యం కూడా అక్కర్లేదు, రెండు చేతులు చాలు. పైగా కీర్తనలో మాటకు అర్థం మన పిల్లలకు విడమరచి చెప్పే పని తక్కువే.

నాయుడు గారు 1964 నవంబరు 25న మద్రాసులో కన్నుమూశారు. కుమార్తె మంగతాయారు కూడా వయొలిన్ విద్వాంసురాలే. 1993లో శతజయంతికి తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. విజయనగరం బడి ఇప్పుడు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. ఇప్పటికీ పిల్లల్ని చేర్చుకుంటోంది.