విషం కలిపిన భోజనం తిన్న 12 మంది కుర్రాళ్లు.. ప్యాకెట్ వెనక ఆ చిన్న అక్షరాల కథ ఇక్కడే మొదలైంది!

బిస్కెట్ ప్యాకెట్ కొంటాం. చింపుతాం. తినేస్తాం. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఏం రాశారో చూసేవాళ్లు ఎంతమంది? అయితే వేరుశనగ పడని పిల్లాడు ఉన్న ఇంట్లో ఆ అక్షరాలే ప్రాణం. ఒక్క లైన్ చూడకపోతే పెదాలు వాచిపోవచ్చు, ఒళ్లంతా దద్దుర్లు రావచ్చు, ఊపిరాడకపోవచ్చు. నిమిషాల్లో ఆసుపత్రికి పరుగు పెట్టాల్సి రావచ్చు.

మరి ప్యాకెట్‌లో ఏముందో కంపెనీ నిజం రాయాల్సిందే అన్న రూల్ ఎలా వచ్చింది? అమెరికాలో దీనికోసం ఓ కెమిస్ట్ పాతికేళ్లకు పైగా కొట్లాడాడు. ఆయనే హార్వే వాషింగ్టన్ వైలీ.

ఎవరీ వైలీ?

1844 అక్టోబర్ 18న ఇండియానా రాష్ట్రంలో ఓ రైతు కుటుంబంలో పుట్టాడు. ఇల్లంటే దుంగలతో కట్టిన చిన్న ఇల్లు. డాక్టర్ చదువు పూర్తి చేసినా మనసు కెమిస్ట్రీ మీదకు పోయింది. హార్వర్డ్‌లో చదివి, 1874లో కొత్తగా తెరిచిన పర్డ్యూ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేరాడు. మనిషి కాస్త దూకుడు. పెద్ద చక్రం సైకిల్ తొక్కుకుంటూ కాలేజీకి వస్తుంటే, ప్రొఫెసర్ అనేవాడు ఇలాగేనా ఉండేది అని యాజమాన్యం పిలిచి మరీ క్లాస్ పీకింది. వెంటనే రాజీనామా లేఖ ఇచ్చేశాడు. వాళ్లే వెనక్కి తగ్గారు.

అక్కడున్నప్పుడే ఇండియానా మార్కెట్‌లో అమ్మే తేనె, సిరప్‌లను పరీక్ష చేశాడు. చాలావాటిలో చవకరకం గ్లూకోజ్ కలిపేసి ఉంది. సీసా మీద పేరు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి! వైలీ జీవితాన్ని మలుపు తిప్పింది ఇదే. 1883లో వాషింగ్టన్ వెళ్లి వ్యవసాయ శాఖలో చీఫ్ కెమిస్ట్ అయ్యాడు.

పాలల్లో ఫార్మాలిన్.. వెన్నలో వెలిగారం!

అప్పట్లో ఫ్రిజ్‌లు లేవు. సరుకు పాడవకుండా ఉండాలంటే వ్యాపారులకు తోచిందే మందు. శవాలను నిల్వ ఉంచే ఫార్మల్డిహైడ్‌ను పాలల్లో పోసేవారు. వెన్నలో, మాంసంలో వెలిగారం, అదే బోరాక్స్ కలిపేవారు. లేబుల్ మీద ఈ ముక్క రాయాలన్న దేశవ్యాప్త చట్టం లేదు. కాంగ్రెస్‌లో బిల్లు పెట్టినప్పుడల్లా వ్యాపార లాబీలు అడ్డుపడేవి. తింటే ప్రమాదం అనడానికి రుజువేది అన్నదే వాళ్ల ప్రశ్న.

రుజువు చూపిస్తానన్నాడు వైలీ. 1902లో ప్రభుత్వం 5 వేల డాలర్లు ఇచ్చింది. ఆఫీసు బేస్‌మెంట్‌లోనే వంటగది, డైనింగ్ హాల్ సిద్ధమయ్యాయి. 12 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. మూడు పూటలా భోజనం ఫ్రీ. కండిషన్ ఒక్కటే.. అందులో కలిపింది కూడా తినాలి. ఏం జరిగినా ప్రభుత్వం మీద కేసు వేయబోమని సంతకం పెట్టాలి.

మొదట వెన్నలో బోరాక్స్ దాచి పెట్టారు. కుర్రాళ్లు పసిగట్టి వెన్న ముట్టడం మానేశారు! దాంతో నేరుగా క్యాప్సూల్స్‌లోనే ఇచ్చారు. రోజూ బరువు, నాడి, జ్వరం చూసి రాసేవారు. మలమూత్రాలు సైతం ల్యాబ్‌కే. కొన్నాళ్లకు తలనొప్పి, కడుపునొప్పి, వాంతులు మొదలయ్యాయి. తర్వాత వరసగా సాలిసిలిక్ యాసిడ్, సల్ఫైట్‌లు, బెంజోయిక్ యాసిడ్, ఫార్మల్డిహైడ్ వంతు. పేపర్లు ఈ బృందానికి పెట్టిన పేరు పాయిజన్ స్క్వాడ్. రాత్రికి రాత్రే దేశమంతా వీళ్ల గురించే మాట్లాడుకుంది.

ఇప్పటి లెక్కన చూస్తే ఆ ప్రయోగంలో లోపాలున్నాయి. పోల్చి చూడటానికి మందు తినని రెండో బృందమే లేదు. పైగా మనుషుల మీద అలాంటి పరీక్షకు ఈరోజు ఎవరూ అనుమతి ఇవ్వరు. కానీ వంటింట్లోకి తెలియకుండా వస్తున్నదేంటో జనానికి కళ్లకు కట్టింది మాత్రం అదే. మహిళా సంఘాలు వైలీ వెంట నిలిచాయి. 1906లో మాంసం ఫ్యాక్టరీల దారుణాలపై అప్టన్ సింక్లెయిర్ నవల ది జంగిల్ పుస్తకంగా రావడంతో జనాగ్రహం కట్టలు తెంచుకుంది. 1906 జూన్ 30న అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ప్యూర్ ఫుడ్ అండ్ డ్రగ్స్ చట్టంపై సంతకం చేశారు. లేబుల్ మీద అబద్ధం రాయడం నేరమైంది. మందుల్లో ఆల్కహాల్, మార్ఫిన్, కొకైన్ లాంటివి ఉంటే ఆ సంగతి రాయడం తప్పనిసరి అయింది.

గెలిచాడు.. కానీ!

అసలు యుద్ధం ఆ తర్వాతే. సల్ఫైట్ వాడకానికి పరిమితి పెడతామంటే ఎండు పండ్ల వ్యాపారులు గగ్గోలు పెట్టారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1908లో శాకరిన్ మీద మాట్లాడుతూ అది ఒంటికి చెడ్డదని రూజ్‌వెల్ట్ ముందే తేల్చి చెప్పాడు వైలీ. డాక్టర్ సలహాతో అధ్యక్షుడు రోజూ వాడుతున్నది అదే! ఆ రోజుతో ఇద్దరికీ చెడింది. వైలీ నిర్ణయాలను తిరిగి పరిశీలించడానికి వేరే నిపుణుల బోర్డు వచ్చింది. దాని హెడ్ ఇరా రెమ్సెన్.. శాకరిన్ బయటపడింది ఆయన ల్యాబ్‌లోనే! 1909లో కెఫీన్ పేరుతో కోకా-కోలా సిరప్ పీపాలు సీజ్ చేయిస్తే, 1911లో కింది కోర్టులో చుక్కెదురైంది. చివరికి 1912లో ఉద్యోగమే వదిలేశాడు.

ఇంట్లో మాత్రం కొత్త జీవితం. 66 ఏళ్ల వయసులో అన్నా కెల్టన్‌ను పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు కొడుకులు పుట్టారు. గుడ్ హౌస్‌కీపింగ్ పత్రిక ల్యాబ్‌లో చేరి, ఏ సరుకు మంచిదో ఏది కాదో గృహిణులకు నేరుగా చెప్పాడు. 1930లో 85 ఏళ్ల వయసులో చనిపోయాడు. తేదీ జూన్ 30. చట్టం మీద సంతకం పడి సరిగ్గా 24 ఏళ్లు.

అలర్జీకి దీనికీ లింకేంటి?

వైలీ పోరాడింది కల్తీ మీద, అలర్జీ మీద కాదు. అసలు అలర్జీ అనే మాట పుట్టిందే 1906లో. వియన్నా డాక్టర్ క్లెమెన్స్ ఫాన్ పిర్కే పెట్టిన పేరది. కానీ లేబుల్ నిజం చెప్పాలన్న పునాది పడ్డాకే ఆ పైన గోడలు లేచాయి. 1938 చట్టంతో చాలా ఆహారాల మీద పదార్థాల జాబితా వచ్చింది. 2004 చట్టం ప్రకారం 2006 నుంచి పాలు, గుడ్డు, వేరుశనగ లాంటి 8 అలర్జీ కారకాల పేర్లు అందరికీ అర్థమయ్యే మాటల్లో రాయాల్సి వచ్చింది. 2023 నుంచి నువ్వులూ ఆ లిస్టులో చేరాయి. అమెరికాలో అమ్మే నువ్వుల పొడి ప్యాకెట్ మీద మనవాళ్లు ఇప్పుడు ఆ లైన్ చూడొచ్చు.

మన దగ్గర ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 లేబులింగ్ నిబంధనలూ అలర్జీ సమాచారం తప్పనిసరి చేశాయి. ఆ లిస్టులో గోధుమ, పాలు, గుడ్డు, చేప, వేరుశనగ, సోయాతో పాటు మరో పేరుంది.. సల్ఫైట్. కిలోకి 10 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే రాయాల్సిందే. ఎందుకంటే ఆస్తమా ఉన్న కొందరికి అది ఊపిరి ఆడనివ్వదు. వైలీ కుర్రాళ్లు తిన్నదీ అదే, ఆపాలని చూసి ఆయన ఓడిపోయిందీ అదే.

ఈసారి ఎండు ఆప్రికాట్, కిస్‌మిస్ ప్యాకెట్ కొన్నప్పుడు వెనక్కి తిప్పండి. ఐఎన్‌ఎస్ 220 అని కనిపిస్తే అది సల్ఫర్ డయాక్సైడ్. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లకు పెట్టే ముందు ఆ లైన్ ఒక్కసారి చదవండి.