ఇమాం గజాలీ - యఖీన్ కోసం వెతుకులాట

ఇమాం అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ (రహ్మతుల్లా అలైహి) క్రీ.శ. 1058లో, ఇప్పటి ఇరాన్‌లోని తూస్‌లో జన్మించారు. తండ్రి ఉన్ని వడికి అమ్ముకునే పేదవాడు. ఆయన చనిపోయాక చేతిలో డబ్బు అయిపోతే, అన్నం దొరుకుతుందని అన్నదమ్ములిద్దరూ మదరసాలో చేరారని చరిత్రకారులు రాశారు. (భోజనం కోసం బడికొచ్చే పిల్లవాణ్ణి తక్కువగా చూసే మాస్టర్లు ఇది గమనించాలి.)

జుర్జాన్‌లో చదువుకుని తిరిగి వస్తుంటే దొంగలు ఆయన రాసుకున్న పుస్తకాలు లాక్కున్నారట. తన ఇల్మంతా వాటిలోనే ఉందని బతిమాలితే, కాగితాలతో పాటు పోయేది ఇల్మ్ ఎట్లా అవుతుందని దొంగల నాయకుడు నవ్వి ఇచ్చేశాడట. తర్వాత మూడేళ్ళు కూర్చుని అంతా కంఠస్థం చేశారు.

అయితే కంఠస్థమైనది నిజమేనని ఎట్లా తెలుస్తుంది? క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, ముస్లింల పిల్లలు ముస్లింలుగానే పెరగడం ఆయన చూశారు. పెద్దలు చెప్పింది అట్లాగే నమ్మడం తఖ్లీద్. ఆయనకు కావలసింది యఖీన్, అంటే సందేహానికి చోటులేని ఎరుక. ఒకడు కర్రను పాముగా మార్చి, మూడు పదికంటే పెద్దదంటే మనం ఆశ్చర్యపోతాం గాని నమ్మం. అంత గట్టిగా ఉండాలి.

ముందు కళ్ళను పరీక్షించారు. నీడ నిలిచే ఉన్నట్టుంటుంది, గంటయ్యాక చూస్తే జరిగి ఉంటుంది. నక్షత్రం దీనారంత కనిపిస్తుంది, లెక్కకడితే భూమికన్నా పెద్దది. కంటి తప్పును అఖల్ దిద్దింది, సరే. అఖల్ తప్పును దిద్దేది ఇంకొకటి లేదని ఎవరు చెప్పాలి? కలలో ఉన్నంతసేపూ కల నిజమే గదా! ఇట్లా దాదాపు రెండు నెలలు ఏదీ నమ్మలేక బాధపడ్డారు. చివరకు బయటపడింది వాదనతో కాదనీ, అల్లాహ్ గుండెలో వేసిన వెలుగుతోననీ తానే రాసుకున్నారు. ఈ జవాబు కొందరికి నచ్చదు. కాని ఏ రుజువుకైనా ముందుగా కొన్ని మాటలు ఒప్పుకోవాలి. ఆ మాటలనే అనుమానించినవాడికి రుజువెట్లా చూపిస్తాం? నా మట్టుకు ఆయన నిజాయితీగానే చెప్పారు.

1091లో బాగ్దాద్ నిజామియాలో ఉస్తాద్ అయ్యారు. మూడు వందల మంది విద్యార్థులు. ఆ పాఠాల మధ్య దొరికిన తీరికలోనే, గురువు లేకుండా, రెండేళ్ళలోపు ఫల్సఫా మొత్తం చదివారు. 1095లో నోరు పడిపోయింది. పాఠం చెప్పబోతే మాట రాలేదు, ముద్ద దిగలేదు. హకీములు చేతులెత్తేశారు. చెప్పే చదువు పేరు కోసమేనా అన్న ప్రశ్న ఆయన్ను అప్పటికే నెలల తరబడి తొలిచేస్తూ ఉంది. కుటుంబానికి సరిపడా ఉంచి, మిగతాది పంచేసి, ఉద్యోగం వదిలి బయలుదేరారు. డమాస్కస్ పెద్ద మసీదు మీనారెక్కి, తలుపు వేసుకుని రోజంతా లోపలే ఉండేవారు.

1106లో మళ్ళీ నిషాపూర్‌లో పాఠం చెప్పారు. 1111లో తూస్‌లోనే కన్నుమూశారు.